మూడేళ్ల ఎం340ఐ: బరువుని టర్బో దాచేస్తుంది, బ్రేకు బయటపెట్టేస్తుంది

ఈ కారు నాకు సరిగ్గా అర్థమైంది రెండు బియ్యం బస్తాల వల్ల. నవ్వకండి, చెప్తా.

నాది 2021 మోడల్ బీఎండబ్ల్యూ ఎం340ఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మూడేళ్లు దాటింది, నేను తిప్పిందే 31 వేల కిలోమీటర్లు. కొన్న కొత్తలో అందరిలాగే నాకూ 0-100 పిచ్చి (ఆగున్న కారు వంద స్పీడ్ అందుకోడానికి ఎన్ని సెకన్లన్న లెక్క), ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోవడం, ఖాళీ రోడ్డు కనపడితే తొక్కడం, పక్కనోడు సీటు పట్టుకుని "అమ్మో" అంటే మనకి అదో తృప్తి. కంపెనీ లెక్క 4.4 సెకన్లు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని చూడలేదు గానీ వీపు సీటుకి అతుక్కునే తీరు చూస్తే అబద్ధం చెప్పినట్టు లేదు.

ఆ తర్వాత ఓ సంక్రాంతికి నూజివీడు పక్కన మా ఊరెళ్లి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. ముందు నేనూ మా ఆవిడ, వెనక అమ్మ, నాన్న, మా వాడు, డిక్కీలో 26 కిలోల బియ్యం బస్తాలు రెండు, అరిసెల డబ్బా, నెయ్యి డబ్బా, సూట్‌కేసులు. నేనొక్కడినే ఆఫీసుకెళ్లేటప్పటికంటే అటూఇటూగా 350 కిలోలు ఎక్కువ. చిల్లకల్లు టోల్ దాటాక ఓ లారీని దాటేద్దామని తొక్కితే కారు ఎప్పట్లాగే వెళ్లిపోయింది, ఇంతమందిని ఎక్కించుకున్నానన్న సంగతే దానికి తెలీనట్టు. అబ్బ ఏం ఇంజినురా అనుకున్నా. ఇంకో పది నిమిషాలకి రాంగ్ రూట్‌లో ఓ ట్రాక్టర్ ఎదురొచ్చింది, గట్టిగా బ్రేక్ తొక్కా. ఆగింది, ఆగలేదని కాదు, కానీ రోజూ నా కాలికి అలవాటైన చోట ఆగలా, ఇంకాస్త ముందుకెళ్లి ఆగింది. వెనక నెయ్యి డబ్బా దొర్లుకుంటూ వచ్చి సీటుకి దబ్బున కొట్టుకుంది. అమ్మ "నెమ్మదిరా నాయనా, ఏం కొంప మునిగిందని" అంది.

అప్పుడు వెలిగింది బల్బు. ముందుకి లాగేటప్పుడు ఆ 350 కిలోలు ఎక్కడికి పోయాయి? ఆపేటప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ రివ్యూ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, ఫీచర్ల లిస్టు కావాలంటే యూట్యూబ్‌లో బోలెడున్నాయి, యాంబియంట్ లైట్ ఎన్ని రంగులు మారుస్తుందో నేనైతే లెక్కపెట్టలేదు.

ఇంజిన్ సంగతి ముందు. 3 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, ఒకటే టర్బో, 387 హార్స్‌పవర్, 500 ఎన్ఎం టార్క్, అంటే ఇంజిన్ మెలితిప్పే బలం. ఇంజిన్ కోడ్ బీ58, టయోటా సుప్రాలో పెట్టింది కూడా ఈ ఇంజినే, జపాన్ వాళ్లు అరువు తెచ్చుకున్నారంటే ఎంత గట్టిదో మీరే ఊహించుకోండి. టర్బో అంటే చాలామంది ఏదో ఎక్స్‌ట్రా మోటర్ అనుకుంటారు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఓ చిన్న చక్రం తిప్పి, దాని ఇరుసుకే రెండో వైపు ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కడం, అంతే. గాలి ఎక్కువ పడితే పెట్రోల్ ఎక్కువ కాల్చొచ్చు, అదే బలం. ఇందులో కిటుకు ఏంటంటే ఆరు సిలిండర్లలో మూడిటి పొగ ఒక దారిలో, మిగతా మూడిటిది ఇంకో దారిలో చక్రం దాకా వస్తుంది, ఒకదాని ఊపుని ఇంకోటి చెడగొట్టదు. అందుకే 1,850 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే 500 ఎన్ఎం మొత్తం వచ్చేసి 5,000 దాకా అలాగే ఉంటుంది. రోజూ మనం తిరిగేది ఆ రేంజ్‌లోనే కదా, అందుకే ఎంత లోడ్ వేసినా కాలికి తెలీదు. బియ్యం బస్తాలు మాయమైంది ఇక్కడే.

లాగ్, అంటే తొక్కాక బలం రావడానికి పట్టే ఆలస్యం, లేదా అంటే ఉంది. కంఫర్ట్ మోడ్‌లో నింపాదిగా పోతూ సడన్‌గా తొక్కితే ముందు గేర్‌బాక్స్ ఆలోచిస్తుంది, తర్వాత టర్బో నిండుతుంది, చిన్న ఆవలింత లాంటిది, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. స్పోర్ట్‌లో పెడితే ఆ ఆవలింత దాదాపు ఉండదు. సౌండ్ మాత్రం... కొంత నిజం, కొంత స్పీకర్లలోంచి వచ్చే కల్తీ. అద్దాలు దించి వింటే నిజం సౌండే బాగుంటుంది, లోపల కలిపింది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, నెయ్యిలో డాల్డా కలిపినట్టు.

ఇప్పుడు మా బావ ఎంటర్ అవుతాడు.

బావకి నేనేం కొన్నా దానికంటే పెద్దది కొనాలి, చిన్నప్పుడు గాలిపటాల దగ్గర మొదలైన రోగం అది. బీఎండబ్ల్యూలోనే కొత్త ఎం5 తీసుకున్నాడు, 2024 నవంబర్‌లో ఇండియాలో లాంచ్ చేసినప్పుడు ఎక్స్-షోరూమ్ 1.99 కోట్లు. 4.4 లీటర్ల వీ8కి (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు) రెండు టర్బోలు, గేర్‌బాక్స్‌లో ఎలక్ట్రిక్ మోటర్, కింద బ్యాటరీ, మొత్తం కలిపి 727 హార్స్‌పవర్, 1,000 ఎన్ఎం. నా దానికి పవర్ లోనూ టార్క్ లోనూ ఇంచుమించు డబుల్. డెలివరీ రోజు నా భుజం మీద చెయ్యేసి "ఏరా బామ్మర్ది, ఇప్పుడేమంటావ్" అన్నాడు. నేను "బరువెంత బావా?" అన్నా. మొహం చిట్లించాడు. కొత్త పెళ్లికూతుర్ని చూసి ఎవడైనా అలా అడుగుతాడా అన్నట్టు.

2,435 కిలోలు. డ్రైవర్ లేకుండా. అదే లెక్కలో నా ఎం340ఐ 1,670. తేడా 765 కిలోలు, మన పాత మారుతి 800 బరువే దాదాపు 650 ఉండేది, అంటే మా బావ ఎం340ఐ కొనుక్కుని దాని నెత్తిన ఓ మారుతి 800, అందులో ఓ మనిషిని, డిక్కీలో గ్యాస్ సిలిండర్‌ని కూడా పెట్టుకుని తిరుగుతున్నట్టే. ఇది ఆ ఒక్క కారు తప్పు కాదు లెండి, 1985లో వచ్చిన మొట్టమొదటి ఎం5 1,430 కిలోలే ఉండేది, 286 హార్స్‌పవర్, టర్బో గిర్బో ఏం లేదు. నలభై ఏళ్లలో ఓ టన్ను పెరిగింది. మనం కూడా పెరిగాం అనుకోండి.

మధ్యలో జరిగింది ఇంకా సరదాగా ఉంటుంది. 2005 ప్రాంతంలో వచ్చిన ఎం5లో 5 లీటర్ల వీ10 ఉండేది, టర్బో లేదు, 507 హార్స్‌పవర్, 8,250 ఆర్పీఎం దాకా అరిచేది, కానీ దాని 520 ఎన్ఎం టార్క్ చూడాలంటే 6,100 దాకా లాగాలి. మామూలుగా సిటీలో తిప్పితే అంత ఇంజిన్ ఉండి కూడా కింద నీరసంగా ఉండేదనేవాళ్లు. 2011లో దాని తర్వాతి మోడల్‌కి టర్బో వీ8 పెట్టారు, 680 ఎన్ఎం, అదీ 1,500 ఆర్పీఎం నుంచే. అంటే రేసుగుర్రాన్ని తీసేసి ఏనుగుని కట్టారు. అరుపు పోయింది, సౌండ్ స్పీకర్లలోకి ఎక్కింది, కారు మాత్రం పాతదాన్ని చిత్తుగా ఓడించేది. అప్పట్నుంచి కంపెనీలకి ఓ రుచి తగిలింది, కిందనుంచే ఇంత టార్క్ దొరుకుతుంటే బరువు గురించి బాధెందుకు, ఇంకో మోటర్ వేద్దాం, మెత్తటి సీట్లు వేద్దాం, మందపాటి గ్లాసు వేద్దాం, టర్బో కుక్కే గాలి, అదే బూస్ట్, ఇంకాస్త పెంచితే సరి. దానికి తోడు యూరప్‌లో పొగ రూల్స్, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్ అయితే కాగితం మీద కార్బన్ లెక్క బాగా తగ్గుతుంది, వీ8ని బతికించుకోవాలంటే బ్యాటరీ మోయాల్సిందే అన్న పరిస్థితి. మెర్సిడెస్ వాళ్ల స్పోర్ట్స్ విభాగం ఏఎంజీ ఇంకో దారి పట్టింది, సీ63లో వీ8నే పీకేసి 2 లీటర్ల నాలుగు సిలిండర్లు, ఎలక్ట్రిక్ మోటర్ పెట్టారు, అయినా బరువు 2,100 కిలోలు దాటింది. ఇంజిన్ పాయె, బరువు పెరిగె. ఇదేం బేరమో.

ఒక్క లెక్క చూడండి, నాకు బాగా నచ్చిన లెక్క. 2017లో వచ్చిన ఎం5కి 600 హార్స్‌పవర్, 1,855 కిలోలు, అంటే టన్నుకి 323. కొత్తదానికి 727, 2,435 కిలోలు, టన్నుకి 299. 0-100 పాతది 3.4 సెకన్లు, కొత్తది 3.5. పవర్ 127 పెరిగింది, టైమ్ పెరిగింది. బావకి ఇది చెప్తే రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

సరే, లెక్కలు చెప్పి ఊరుకుంటే ఎలా, రోడ్డు మీద చూద్దామని ఓ ఆదివారం రెండు కార్లేసుకుని శ్రీశైలం బయల్దేరాం. మన్ననూర్ ఫారెస్ట్ గేటు పొద్దున ఆరింటికి తీస్తారు, మేం ఐదున్నరకే క్యూలో ఉన్నాం. ఓ లారీ క్లీనర్ కుర్రాడు టీ గ్లాసు పట్టుకుని ఎం5 చుట్టూ ఒక రౌండ్ కొట్టి, వెనకున్న నాలుగు గొట్టాలు వంగి చూసి, బావని అడిగాడు, "అన్నా, మైలేజ్ ఎంత ఇస్తది?" బావ "కరెంటు మీద అరవై కిలోమీటర్లు పోతుంది తమ్ముడూ, పెట్రోలే అక్కర్లేదు" అన్నాడు. కుర్రాడు "మరి ఈ గొట్టాలెందుకే" అన్నాడు. నాకు టీ ముక్కులోకి పోయింది.

అడవిలో ఇద్దరం పద్ధతిగానే వెళ్లాం, అక్కడ జంతువులు తిరుగుతుంటాయి, దూకుడు పనికిరాదు. ఇక్కడ ఎం5 నిజంగా బాగుంది ఒప్పుకుంటా, కరెంటు మీద పోతుంటే చప్పుడే లేదు, అద్దాలు దించితే పిట్టల సౌండ్ వినపడింది. నా దాంట్లో ఇంజిన్ గురగుర తప్ప ఏం లేదు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్ మొదలవుతుంది, అక్కడ కార్లు మార్చుకున్నాం.

ఎం5 ఎక్కగానే మొదటి పది నిమిషాలు ఇదేంటి ఇంత బరువు కారు ఇంత చురుగ్గా తిరుగుతోంది అనుకున్నా. కారణం ఉంది, వెనక చక్రాలు కూడా ఒకటిన్నర డిగ్రీ దాకా తిరుగుతాయి, నాలుగు చక్రాలకీ పవర్, ముందు 285, వెనక 295 వెడల్పు టైర్లు, టర్బో నిండేలోపు ఎలక్ట్రిక్ మోటర్ తోసేస్తుంది కాబట్టి లాగ్ అన్న మాటే లేదు. బరువు దాచడానికి ఎన్ని వేషాలు వేయాలో అన్నీ వేశారు, బాగా వేశారు కూడా. కానీ దిగుడులో వరసగా నాలుగు మలుపులు వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. ప్రతి మలుపుకి ముందు బ్రేక్ తొక్కడం, ముక్కు కిందకి వంగడం, ఆ బరువంతా ముందు టైర్ల మీదకి రావడం, తిప్పాక ఒళ్లు సర్దుకోడానికి ఓ క్షణం పట్టడం, ఇవన్నీ చేతికి తెలుస్తాయి. భయం కాదు, కారు పట్టు వదల్లేదు, ముందు బ్రేక్ డిస్కులే 410 మిల్లీమీటర్లు, మామూలు పళ్లెం కంటే పెద్దవి. కానీ నీతో కలిసి ఆడుతున్నట్టు ఉండదు, నిన్ను కూర్చోబెట్టి మోస్తున్నట్టుంటుంది. పైగా 1,970 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది, నేను ఊపిరి బిగబట్టుకుని అంచుకి జరిగా, డ్రైవర్ అన్న ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పుకుంటూ కిళ్లీ నములుతూ పోయాడు. ఆ ఘాట్‌కి రాజు ఆయనే.

బ్రేకుల మీద ఇంకో మాట. కారు పరుగులో ఉన్న శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, స్పీడ్ పెరిగితే దాని వర్గంతో పెరుగుతుంది, స్కూల్ ఫిజిక్సే. ఎం5 వంద మీద ఉన్నప్పుడు ఎంత శక్తి ఉంటుందో నా ఎం340ఐలో అంత ఉండాలంటే నేను 120 మీద ఉండాలి. అంటే ప్రతిసారీ ఓ 20 కిలోమీటర్లు ఎక్కువ స్పీడ్‌లోంచి ఆపుతున్నట్టే ఆ బ్రేకులకి పని. వేడి ఎక్కడికి పోతుంది, డిస్కులకీ ప్యాడ్లకీ. డ్యామ్ దగ్గర వ్యూ పాయింట్‌లో ఆగితే రెండు కార్ల చక్రాల దగ్గరా వాసన వచ్చింది, బావ కారు దగ్గర ఇంకాస్త ఘాటుగా. మా చెల్లి, అంటే బావ భార్య, "ఏంటిది ఏదో మాడుతున్నట్టుంది" అంటే బావ "కొత్త కారు అలాగే ఉంటుంది" అని సర్ది చెప్పాడు. పెద్ద డిస్కులు వేస్తే అవీ బరువే, చక్రంతో పాటు తిరిగే బరువు, దాన్ని మొయ్యడానికి సస్పెన్షన్ గట్టిది కావాలి, దానికి బాడీ గట్టిది కావాలి... బరువు బరువుని పిలుస్తుంది, పెళ్లికి చుట్టాలు చుట్టాల్ని తెచ్చినట్టు.

అక్కణ్ణుంచి నా కారు నేను తీసుకుని సుండిపెంట వైపు ఎక్కుతుంటే, ఇదేం తేలికైన కారు కాదు, టన్నున్నర పైనే, అయినా చెప్పులు వదిలి కాళ్లతో నేల తొక్కినట్టు అనిపించింది. మలుపు ముందు కొద్దిగా బ్రేక్, తిప్పగానే ముక్కు లోపలికి, మధ్యలోనే మెల్లగా యాక్సిలరేటర్, 500 ఎన్ఎం వెనకనుంచి తోసుకుంటూ బయటికి. ఈ కారుకి నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది గానీ ఎక్కువ వెనక్కే పంపుతుంది కాబట్టి ఆ తోపుడు నడుముకి తెలుస్తుంది. స్ట్రెయిట్ రోడ్ మీద ఎం5 వెనకే ఉంటా, దుమ్ము తింటా, డౌటే లేదు. ఘాట్‌లో నవ్వు నాది.

ఇక తిట్టాల్సినవి. రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే పంక్చరైనా కొంత దూరం నడిచేవి. సైడ్ గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి మన గుంతల్లో ప్రతిదీ వెన్నెముక దాకా చెప్తుంది, కొంపల్లి దగ్గర వానకి నీళ్లు నిండిన గుంతలో పడి వెనక టైరుకి నిమ్మకాయంత బుడిపె వచ్చింది. టైరు షాపాయన ఒకటి మారిస్తే చాలదు, రెండూ మార్చాలన్నాడు, చెప్పిన రేటు వింటే మా నాన్న "ఆ డబ్బుతో ఊళ్లో గేదె వస్తుంది కదరా" అన్నాడు. కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఏటవాలుగా ఎక్కించడం అలవాటైపోయింది, వెనక వాళ్లు హారన్ కొడతారు, కొట్టనీ.

ఎండాకాలం ఇంకో సంగతి. టర్బో గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంది, ఈ ఇంజిన్‌లో నీళ్లతో చల్లారేది, బాగానే పనిచేస్తుంది. కానీ మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అరగంట ఉడికి ఓఆర్ఆర్ ఎక్కి తొక్కితే డిసెంబర్ పొద్దున్న ఉన్న కారు ఇది కాదనిపిస్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది, పైగా పెట్రోల్ ముందే అంటుకోకుండా ఇంజిన్ టైమింగ్ వెనక్కి జరుపుకుంటుంది, రెండూ కలిసి కొంత బలం తినేస్తాయి. నేను 95 ఆక్టేన్ కొట్టిస్తా, మామూలు పెట్రోల్‌తోనూ నడుస్తుంది గానీ టర్బో ఇంజిన్‌కి అక్కడ పిసినారితనం చేయకండి. టర్బో లేని కార్లకి ఈ వేడి బెడద ఇంత ఉండదు, ఈ బేరంలో అదొక ఖర్చు. మైలేజ్ ఆ క్లీనర్ కుర్రాడిలా మీరూ అడుగుతారని తెలుసు, సిటీలో 6-7, విజయవాడ హైవేలో బుద్ధిగా వెళ్తే 13 దాకా. వెనక మధ్య సీటు పిల్లలకే, నేల మీద గూని లాంటిది అడ్డంగా ఉంటుంది, పెద్దవాళ్లు గంట కంటే ఎక్కువ కూర్చోరు.

కొత్తగా వచ్చినప్పుడు దీని రేటు 62.90 లక్షలు, చెన్నై ప్లాంట్‌లో అసెంబుల్ చేసినందుకు ఆ రేటుకి వచ్చింది. తర్వాతి ఫేస్‌లిఫ్ట్‌లో పవర్ 374కి తగ్గింది, రేటు మాత్రం తగ్గలా. సెకండ్స్‌లో 2021 బండి దొరికితే నేనైతే దానికే ఓటేస్తా. రోజూ ఒక్కరే ఆఫీసుకి 25 కిలోమీటర్లు వెళ్లొచ్చేవాళ్లు, ఇంట్లో ఛార్జర్ ఉన్నవాళ్లు, రెండు కోట్లు లెక్క కాని వాళ్లు ఎం5 కొనుక్కోండి, సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్రోల్ బంకు మొహం చూడక్కర్లేదు, శనివారం రాకెట్. దాన్ని తక్కువ చేయట్లేదు. నాకు మాత్రం ఒక టర్బో, ఆరు సిలిండర్లు, బ్యాటరీ లేని బరువు, ఇది సరిపోయే చోటు అనిపించింది, ఇంతకంటే పవర్ ఇస్తామంటే వద్దంటా, ఓ 150 కిలోలు తగ్గిస్తామంటే క్యూలో నిలబడతా.

కొనేవాళ్లకి ఒకటే చెప్తా. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి, షోరూమ్ కుర్రాడు పక్కన కూర్చుని "తొక్కండి సార్ తొక్కండి" అంటాడు, ఆ పది సెకన్లకే మనం చెక్ రాసేస్తాం. ఇంట్లో నలుగుర్ని ఎక్కించుకుని వెళ్లండి, ఖాళీ రోడ్డు చూసి, వెనక ఎవరూ లేరని చూసుకుని, తొక్కడం కాదు, ఆపి చూడండి. ముందు సీట్లో అత్తగారిని కూర్చోబెడితే ఇంకా మంచిది, రివ్యూ ఆవిడే ఇచ్చేస్తారు.